వ్యాపార సంస్థల లయబిలిటీ బీమా

వ్యాపారం నడిచే క్రమంలో బయటివారి ప్రాణం పోయినా, వారికి గాయమైనా, ఆస్తి పాడైనా యజమాని చట్టప్రకారం నష్టపరిహారం చెల్లించాల్సి వస్తుంది. ఆ పరిహారాన్నీ, కేసు ఖర్చులనూ ఒక పరిమితి వరకు బీమా కంపెనీ భరించేందుకు చేసుకునే ఒప్పందం లయబిలిటీ బీమా. బాధ్యత బీమా అని కూడా అంటారు. అగ్ని బీమా, దొంగతనం బీమా యజమాని సొంత సరుకుకు, భవనానికి సంబంధించినవి. లయబిలిటీ బీమాలో ప్రీమియం కట్టేది యజమాని, డబ్బు చేరేది నష్టపోయిన మూడో మనిషికి. అందుకే దీనిని మూడు పక్షాల వ్యవహారంగా చూస్తారు. పాలసీదారు మొదటి పక్షం, బీమా కంపెనీ రెండో పక్షం, నష్టపోయినవారు థర్డ్ పార్టీ.

ఈ వ్యాసం ప్రధానంగా భారతదేశంలోని లయబిలిటీ బీమాను వివరిస్తుంది. భోపాల్ దుర్ఘటన తర్వాత వచ్చిన పబ్లిక్ లయబిలిటీ బీమా చట్టం ఇందులో ముఖ్యాంశం.

## పరిధి

బీమా కంపెనీ చెల్లించాలంటే ముందు యజమానిపై చట్టపరమైన బాధ్యత ఏర్పడాలి. షాపు మెట్ల మీద ఒకరు జారిపడినంత మాత్రాన క్లెయిమ్ పుట్టదు. మెట్లు తడిగా ఉన్నాయని తెలిసీ తుడిపించలేదని, హెచ్చరిక బోర్డు పెట్టలేదని తేలితే బాధ్యత వస్తుంది, దాని వెంట పాలసీ పనిచేస్తుంది. జాలితోనో, పరువు కోసమో యజమాని తనంతట తాను ఇచ్చిన డబ్బును బీమా కంపెనీ తిరిగి ఇవ్వదు.

సాధారణంగా మూడు రకాల నష్టాలు పాలసీ పరిధిలోకి వస్తాయి. మొదటిది శారీరక హాని, అంటే మరణం, గాయం, జబ్బు. రెండోది బయటివారి ఆస్తికి నష్టం. మూడోది కేసును ఎదుర్కొనేందుకు అయ్యే లాయర్ ఫీజులు, కోర్టు ఖర్చులు. ఈ మూడోదాన్ని కొనేవారు తక్కువగా అంచనా వేస్తుంటారు. చివరికి యజమాని తప్పు లేదని తేలే కేసులో కూడా ఏళ్ల తరబడి వాయిదాలకు తిరగాలి, వకీలుకు ఫీజు కట్టాలి. పాలసీ పరిధిలోకి వచ్చే ఫిర్యాదైతే, కంపెనీ ముందస్తు అనుమతితో పెట్టిన ఆ ఖర్చును కంపెనీయే భరిస్తుంది.

కమర్షియల్ జనరల్ లయబిలిటీ, అంటే సీజీఎల్ అని పిలిచే విస్తృత పాలసీలో వీటికి తోడు మరికొన్ని ఉంటాయి. పరువునష్టం, ప్రకటనలో ఇతరుల నినాదాన్నో చిత్రాన్నో వాడుకున్నారన్న ఆరోపణ వంటి వాటిని వ్యక్తిగత, ప్రకటనల హాని కింద చేరుస్తారు. తప్పెవరిదో తేలకముందే గాయపడినవారికి చేయించే చిన్నపాటి వైద్యానికి కూడా కొంత మొత్తం కేటాయిస్తారు.

## చట్టపరమైన పునాది

భారతదేశంలో సివిల్ తప్పిదాలకు ఒకే సమగ్ర చట్టం లేదు. నిర్లక్ష్యం వల్ల కలిగే నష్టాలపై కోర్టులు ఎక్కువగా ఇంగ్లిష్ కామన్ లా సూత్రాలనే అనుసరిస్తూ వచ్చాయి. బాధ్యతను మూడు మెట్లుగా చూడవచ్చు.

నిర్లక్ష్యం మీద ఆధారపడిన బాధ్యత మొదటిది. జాగ్రత్త తీసుకోవాల్సిన కర్తవ్యం యజమానికి ఉందని, దాన్ని తప్పాడని, దానివల్లే నష్టం జరిగిందని బాధితుడు రుజువు చేయాలి. 1932లో బ్రిటన్ ప్రభువుల సభ డోనహ్యూ వర్సెస్ స్టీవెన్‌సన్ కేసులో, సరుకు తయారుచేసినవారికి దాన్ని చివరికి వాడేవారి పట్ల కూడా ఈ కర్తవ్యం ఉంటుందని తేల్చింది. ఇద్దరి మధ్య కొనుగోలు ఒప్పందం ఉండనక్కరలేదు. నేటి ప్రొడక్ట్ లయబిలిటీ బీమాకు మూలం ఈ తీర్పులోనే ఉంది.

రెండోది కఠిన బాధ్యత. ఒకరి జలాశయంలోని నీరు పక్కవారి గనిలోకి చేరిన ఘటనలో, 1868 నాటి రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ తీర్పు దీన్ని స్థిరపరిచింది. ప్రమాదకరమైనదాన్ని తన స్థలంలో పోగుచేసినవాడు, అది తప్పించుకుపోయి హాని చేస్తే, తన నిర్లక్ష్యం లేకపోయినా బాధ్యుడే. అయితే దైవఘటన, బాధితుడి స్వయంకృతం, అపరిచితుడి చర్య వంటి మినహాయింపులు దీనికి ఉన్నాయి.

మూడోది సంపూర్ణ బాధ్యత. ఇది భారత సుప్రీంకోర్టు రూపొందించింది. 1985 డిసెంబరు 4న ఢిల్లీలోని శ్రీరామ్ ఫుడ్స్ అండ్ ఫెర్టిలైజర్స్ కర్మాగారం నుంచి ఓలియం వాయువు లీకైంది. ఎం.సి. మెహతా వేసిన కేసులో 1986 డిసెంబరు 20న ప్రధాన న్యాయమూర్తి పి.ఎన్. భగవతి నాయకత్వంలోని రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ప్రమాదకర పరిశ్రమ నడిపేవారికి రైలాండ్స్ కేసులోని మినహాయింపులేవీ వర్తించవంది. సంస్థ ఎంత పెద్దదైతే పరిహారం అంత ఎక్కువగా ఉండాలని కూడా చెప్పింది. బీమా కోణంలో ఈ రెండో మాట చాలా బరువైనది. బాధితుడి నష్టంతో పాటు బాధ్యుడి స్తోమత కూడా లెక్కలోకి వచ్చినప్పుడు, గరిష్ఠంగా ఎంత చెల్లించాల్సి రావచ్చో ముందే ఊహించడం బీమా కంపెనీ తరఫున రిస్కును అంచనా వేసే అండర్‌రైటర్‌కు కష్టమవుతుంది.

వినియోగదారుల రక్షణ చట్టం 2019, 2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ఆరో అధ్యాయం ఉత్పత్తి బాధ్యతను తయారీదారు, సేవలందించేవారు, అమ్మకందారు అనే ముగ్గురికీ విడివిడిగా నిర్వచించింది. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 2006లోని 65వ సెక్షన్ ప్రకారం కల్తీ లేదా సురక్షితం కాని ఆహారం వల్ల వినియోగదారుడు మరణిస్తే పరిహారం రూ. 5 లక్షలకు తగ్గకూడదు. హోటళ్లు, మిఠాయి దుకాణాలు, క్యాటరింగ్ చేసేవారు గుర్తుంచుకోవాల్సిన నిబంధన ఇది.

## చరిత్ర

లయబిలిటీ బీమా ఫ్యాక్టరీల యుగంలో పుట్టింది. బ్రిటన్‌లో యజమానుల బాధ్యత చట్టం 1880లో వచ్చింది. పనిలో గాయపడిన కార్మికులు యజమానిపై దావా వేసే వీలు దీనితో పెరిగింది. ఆ భయానికి జవాబుగా అదే ఏడాది లండన్‌లో ఎంప్లాయర్స్ లయబిలిటీ అష్యూరెన్స్ కార్పొరేషన్ ఏర్పడింది. తన తప్పుకు పరిహారం చెల్లించాల్సిన వ్యక్తి ముందే బీమా తీసుకుంటే నిర్లక్ష్యం పెరుగుతుందన్న అభ్యంతరం మొదట్లో గట్టిగానే వినిపించింది. క్రమంగా చర్చ మరోవైపు మళ్లింది. చేతిలో డబ్బులేని బాధ్యుడిపై తీర్పు తెచ్చుకున్నా బాధితుడికి ఒరిగేది ఏమీ లేదన్న వాదన బలపడింది.

అమెరికాలో 1940ల ఆరంభంలో బీమా సంస్థలు కలిసి ప్రామాణిక జనరల్ లయబిలిటీ పాలసీని తెచ్చాయి. అంతకుముందు లిఫ్టుకు, భవనానికి, సరుకుకు వేర్వేరుగా పాలసీలు ఉండేవి. వాటిని ఒక్క పత్రంలోకి తెచ్చారు. 1966, 1973, 1986లలో జరిగిన సవరణలు ఈ రంగంలో మైలురాళ్లు. కాలుష్యం, ఆస్‌బెస్టాస్ దావాలు దశాబ్దాల తర్వాత కూడా పాత పాలసీల మీద వచ్చి పడటంతో, 1986లో కాలుష్యాన్ని దాదాపు పూర్తిగా మినహాయించారు. దావా కూడా పాలసీ కాలంలోనే రావాలనే క్లెయిమ్స్ మేడ్ పద్ధతి పాలసీని కూడా అదే ఏడాది ప్రవేశపెట్టారు.

భారతదేశంలో తొలి మెట్టు 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం. తర్వాత 1923లో కార్మికుల పరిహార చట్టం, 1939లో మోటారు వాహనాల చట్టం వచ్చాయి. వాహనాలకు థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి కావడంతో లయబిలిటీ బీమా అన్న భావన సామాన్యుడి దాకా చేరింది. 1973 జనవరి 1 నుంచి జనరల్ బీమా జాతీయమైంది. 107 కంపెనీలు నేషనల్, న్యూ ఇండియా, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అనే నాలుగు ప్రభుత్వ కంపెనీలుగా మారాయి. ఐఆర్‌డీఏ చట్టం 1999తో ప్రైవేటు కంపెనీలకు మళ్లీ తలుపులు తెరుచుకున్నాయి. ఈ రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం 2001 నుంచి హైదరాబాద్‌లో ఉంది.

## పబ్లిక్ లయబిలిటీ బీమా చట్టం, 1991

1984 డిసెంబరు 2 అర్ధరాత్రి దాటాక భోపాల్‌లోని యూనియన్ కార్బైడ్ ఇండియా కర్మాగారం నుంచి మిథైల్ ఐసోసయనేట్ వాయువు వెలువడి వేలమందిని బలితీసుకుంది. పరిహారం కోసం కేసు అమెరికా కోర్టు దాకా వెళ్లి తిరిగి వచ్చింది. 1989 ఫిబ్రవరిలో 47 కోట్ల డాలర్లకు సుప్రీంకోర్టు సమక్షంలో రాజీ కుదిరింది. మొదటి రూపాయి బాధితుడి చేతికి రావడానికి ఎంత కాలం పట్టిందన్నదే చట్టసభ ముందున్న ప్రశ్న. దానికి సమాధానంగా వచ్చిన చట్టం 1991 ఏప్రిల్ 1 నుంచి అమలైంది.

చట్టం ఆలోచన సూటిగా ఉంటుంది. తప్పెవరిదో తేల్చే పని కోర్టులు నిదానంగా చేసుకోవచ్చు. ఈలోగా తక్షణ ఉపశమనంగా కొంత సొమ్ము అందాలి. అందుకే మూడో సెక్షన్ ప్రకారం బాధితుడు యజమాని నిర్లక్ష్యాన్ని రుజువు చేయనక్కరలేదు. నోటిఫై చేసిన పరిమాణానికి మించి ప్రమాదకర పదార్థాలను నిర్వహించే ప్రతి యజమానీ పని మొదలుపెట్టకముందే పాలసీ తీసుకోవాలి. పాలసీ మొత్తం సంస్థ చెల్లించిన మూలధనానికి తగ్గకూడదు. చట్టం పెట్టిన గరిష్ఠ హద్దు మొదట్లో రూ. 50 కోట్లు. ప్రభుత్వాలు, వాటి కార్పొరేషన్లు తగిన నిధి ఏర్పాటు చేసుకుంటే మినహాయింపు పొందవచ్చు. కర్మాగారంలో పనిచేసే కార్మికులకు ఈ చట్టం కింద ఉపశమనం రాదు. వారికి వేరే చట్టాలు ఉన్నాయి.

దరఖాస్తు వెళ్లేది జిల్లా కలెక్టర్‌కు. ప్రమాదం తన దృష్టికి రాగానే కలెక్టర్ విచారించి, దరఖాస్తులు ఆహ్వానిస్తూ ప్రచారం చేయాలి. ప్రమాదం జరిగిన అయిదేళ్లలోపు దరఖాస్తు చేసుకోవచ్చు. దాన్ని మూడు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలి. అవార్డు, అంటే ఉపశమన ఉత్తర్వు, ప్రకటించిన 30 రోజుల్లోగా బీమా కంపెనీ డబ్బు చెల్లించాలి. ఇలా ఉపశమనం తీసుకున్నవారు కోర్టుకు వెళ్లే హక్కు కోల్పోరు. కోర్టు ఇచ్చే పరిహారంలో ఈ మొత్తాన్ని మినహాయిస్తారు, అంతే.

చట్టం వచ్చినప్పటి షెడ్యూలులో మొత్తాలు చాలా చిన్నవి. మరణానికి రూ. 25,000, వైద్య ఖర్చులకు గరిష్ఠంగా రూ. 12,500, ప్రైవేటు ఆస్తి నష్టానికి రూ. 6,000 వరకు ఇవ్వాలన్నారు. మూడు రోజులకు మించి ఆసుపత్రిలో ఉన్నవారికి కోల్పోయిన కూలి కింద నెలకు రూ. 1,000 మించకుండా మూడు నెలల వరకు ఇచ్చే వీలుండేది. రెండు దశాబ్దాలు దాటినా ఇవే అంకెలు కొనసాగడం ఈ చట్టంపై వచ్చిన విమర్శల్లో అన్నిటికన్నా బలమైనది. ధరలు పెరిగినకొద్దీ ఉపశమనం విలువ కరిగిపోయింది.

బీమా కంపెనీ బాధ్యతకు కూడా 1991 రూల్స్ హద్దు పెట్టాయి. ఒక ప్రమాదానికి రూ. 5 కోట్లు, పాలసీ కాలంలో ఒకటికి మించి ప్రమాదాలు జరిగితే మొత్తం రూ. 15 కోట్లు. అవార్డు దానికి మించితే మిగతాది పర్యావరణ ఉపశమన నిధి నుంచి చెల్లించాలి. అదీ చాలకపోతే యజమాని సొంతంగా కట్టాలి. ఈ నిధి కోసం 1992లో చట్టాన్ని సవరించారు. యజమాని ప్రీమియంతో పాటు అంతే మొత్తాన్ని నిధికి చెల్లించాలి. నిధి నిర్వహణ పథకాన్ని 2008లో నోటిఫై చేసి యునైటెడ్ ఇండియా ఇన్సూరెన్స్‌కు అప్పగించారు. నిధిలో వందల కోట్ల రూపాయలు వాడకుండా పడి ఉన్నాయని జాతీయ హరిత ట్రైబ్యునల్ ఎత్తిచూపింది. ప్రమాదాలు లేక కాదు, కలెక్టర్ల దాకా దరఖాస్తులు చేరక. చట్టం ఉందన్న సంగతే చాలా గ్రామాలకు తెలియదు.

పాలసీ తీసుకోని యజమానికి మొదట్లో ఏడాదిన్నర నుంచి ఆరేళ్ల వరకు జైలుశిక్ష ఉండేది. జన్ విశ్వాస్ చట్టం 2023 ఈ చట్టాన్ని కూడా సవరించి, జైలు స్థానంలో జరిమానాలు పెట్టింది. అటు తర్వాత రూల్స్‌ను సవరించి ఉపశమన మొత్తాలను, బీమా పరిమితులను పెంచే చర్యలు తీసుకున్నారు. పాలసీ రాయించేటప్పుడు తాజా నోటిఫికేషన్‌లోని అంకెలనే చూడాలి.

## తెలుగు రాష్ట్రాల్లో ప్రమాదాలు

విశాఖపట్నంలోని హిందుస్థాన్ పెట్రోలియం రిఫైనరీలో 1997 సెప్టెంబరు 14న ఎల్‌పీజీ లీకై పేలుడు, మంటలు సంభవించాయి. దాదాపు 60 మంది మరణించారు. 2014 జూన్ 27న అప్పటి తూర్పుగోదావరి జిల్లా నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైప్‌లైన్ పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. ఇళ్లు, కొబ్బరి తోటలు కాలిపోయాయి. ఈ రెండో ఘటన బాధ్యత బీమా అవసరాన్ని మరో వైపు నుంచి చూపుతుంది. పైప్‌లైన్‌కు కంచె, గేటు ఉండవు. ఊరి మధ్యనుంచి పోయే గొట్టం పక్కన నివసించేవారు పరిశ్రమతో ఏ సంబంధమూ లేని థర్డ్ పార్టీలు.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. రాష్ట్ర ప్రభుత్వం మృతుల కుటుంబాలకు రూ. కోటి చొప్పున ప్రకటించింది. మరునాడే జాతీయ హరిత ట్రైబ్యునల్ కంపెనీని రూ. 50 కోట్లు ప్రాథమికంగా జిల్లా మేజిస్ట్రేట్ వద్ద జమచేయమంది. 1991 షెడ్యూలులోని రూ. 25,000 పక్కన ఈ మొత్తాలను పెట్టి చూస్తే, తప్పనిసరి పాలసీ ఒక్కటే ఉన్న సంస్థ ఎంత వరకు రక్షణ పొందుతుందో అర్థమవుతుంది. తప్పనిసరి బీమా కనీస అవసరం. దాని పైన ఐచ్ఛిక పబ్లిక్ లయబిలిటీ పాలసీ తీసుకోవడం పెద్ద పరిశ్రమల్లో పరిపాటి.

రసాయన పరిశ్రమకు వెలుపల కూడా ఇలాంటి బాధ్యత వస్తుంది. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాలులో అగ్నిప్రమాదంలో 59 మంది మరణించారు. 2011లో సుప్రీంకోర్టు మృతుల్లో ఇరవై ఏళ్లు దాటినవారికి రూ. 10 లక్షలు, అంతకంటే చిన్నవారికి రూ. 7.5 లక్షల చొప్పున పరిహారాన్ని నిర్ణయించింది. సినిమా హాలు, కళ్యాణ మండపం, కోచింగ్ సెంటర్, హాస్టల్, షాపింగ్ మాల్ నడిపేవారు తమ వ్యాపారం ప్రమాదకరం కాదనుకుంటారు. జనం గుమికూడే చోటు ఏదైనా బీమా దృష్టిలో రిస్కే.

## రకాలు

పబ్లిక్ లయబిలిటీ పాలసీ ఐచ్ఛికం. ఫ్యాక్టరీలు, గోదాముల కోసం పారిశ్రామిక పాలసీ, హోటళ్లు, సినిమా హాళ్లు, ఆసుపత్రులు, పాఠశాలలు, ఆఫీసుల కోసం పారిశ్రామికేతర పాలసీ అని రెండు తరగతులు ఉన్నాయి. రెండో దానికి అదనపు ప్రీమియంతో ఆహార పానీయాలు, ఈతకొలను, జిమ్ వంటి వాటిని చేర్చుకోవచ్చు. భోజనం పెట్టే కళ్యాణ మండపం ఆహార పానీయాల విస్తరణ లేకుండా పాలసీ తీసుకుంటే, విందు తిని అస్వస్థులైనవారి క్లెయిములు పాలసీ బయటే మిగిలిపోతాయి.

ప్రొడక్ట్ లయబిలిటీ పాలసీ అమ్మిన సరుకు వల్ల కలిగే హానికి వర్తిస్తుంది. మందులు, మసాలాలు, ఆక్వా ఉత్పత్తులు ఎగుమతి చేసేవారిని విదేశీ కొనుగోలుదారులు ఈ పాలసీ చూపమని అడుగుతుంటారు. సరుకును మార్కెట్ నుంచి వెనక్కి పిలిపించే ఖర్చు దీనిలోకి రాదు. దానికి ప్రొడక్ట్ రీకాల్ బీమా వేరుగా ఉంది.

సీజీఎల్ పాలసీ పై రెంటినీ కలిపి, మరికొన్ని రక్షణలు జోడిస్తుంది. ఐటీ కంపెనీలు, బహుళజాతి సంస్థల శాఖలు, ఎగుమతిదారులు ఎక్కువగా దీన్ని ఎంచుకుంటారు.

వృత్తి నైపుణ్యంలో జరిగే పొరపాట్లకు ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ ఉంది. వైద్య సేవలు వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తాయని 1995లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు చెప్పాక డాక్టర్లు, ఆసుపత్రుల్లో దీనికి గిరాకీ పెరిగింది. కంపెనీ డైరెక్టర్లు, అధికారుల నిర్ణయాలపై వచ్చే దావాలకు డీ అండ్ ఓ పాలసీ, సమాచార చౌర్యానికి సైబర్ పాలసీ, అపార్ట్‌మెంట్లు, దుకాణాల లిఫ్టులకు లిఫ్ట్ థర్డ్ పార్టీ పాలసీ ఉన్నాయి.

ఇవి కూడా చూడండి: మోటారు వాహనాల థర్డ్ పార్టీ బీమా, ఈఎస్‌ఐ, అణు నష్టపరిహార బాధ్యత.

## పాలసీ పనిచేసే తీరు

### పరిమితి, ఎక్సెస్

భారత మార్కెట్‌లో పరిమితిని రెండు అంకెలతో రాస్తారు. ఏఓఏ అన్నది ఏదైనా ఒక ప్రమాదానికి గరిష్ఠం, ఏఓవై అన్నది ఏడాది మొత్తానికి గరిష్ఠం. ఈ రెంటి నిష్పత్తి 1:1 నుంచి 1:4 వరకు ఉంటుంది. ప్రతి క్లెయిమ్‌లో పాలసీదారు ముందుగా భరించాల్సిన మొత్తం ఎక్సెస్.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక కళ్యాణ మండపానికి ఏఓఏ రూ. 50 లక్షలు, ఏఓవై రూ. కోటి, ఎక్సెస్ రూ. 50,000 అనుకుందాం. షామియానా కూలి గాయపడినవారికి కోర్టు రూ. 48 లక్షలు ఇమ్మంది, కేసు ఖర్చు రూ. 6 లక్షలు అయింది. కేసు ఖర్చులు కూడా పరిమితిలో భాగమని పాలసీ చెబితే, మొత్తం రూ. 54 లక్షల్లో కంపెనీ ఇచ్చేది రూ. 50 లక్షలే. ఎక్సెస్‌తో కలిపి మిగతా రూ. 4 లక్షలు యజమానివి. ఆ ఏడాదిలో ఇంకొక ప్రమాదం జరిగితే మిగిలిన పరిమితి రూ. 50 లక్షలు. కేసు ఖర్చులు పరిమితిలో భాగమా, దానికి అదనమా అన్న ఒక్క వాక్యం ఇక్కడ ఎక్సెస్ పోగా మూడున్నర లక్షల తేడా తెచ్చింది. భారత్‌లో చాలా పాలసీలు వాటిని పరిమితిలోనే కలుపుతాయి. అమెరికా ప్రామాణిక సీజీఎల్‌లో అవి సాధారణంగా పరిమితికి అదనం.

### కాలం

అక్కరెన్స్ పద్ధతిలో ప్రమాదం పాలసీ నడుస్తున్నప్పుడు జరిగితే చాలు. దావా ఎన్నేళ్ల తర్వాత వచ్చినా ఆ నాటి పాలసీ బాధ్యత వహిస్తుంది. క్లెయిమ్స్ మేడ్ పద్ధతిలో దావా కూడా పాలసీ కాలంలోనే రావాలి. ప్రమాదం పాలసీలో రాసిన రెట్రోయాక్టివ్ తేదీ తర్వాత జరిగి ఉండాలి. ఈ పద్ధతిలో ఒక్క ఏడాది రెన్యువల్ మరిచిపోతే లేదా కంపెనీ మార్చేటప్పుడు పాత తేదీ కొనసాగకపోతే గడిచిన ఏళ్ల రక్షణ మొత్తం పోతుంది. వ్యాపారం మూసేసేవారు కొంత అదనపు ప్రీమియంతో ఎక్స్‌టెండెడ్ రిపోర్టింగ్ కాలం తీసుకోవచ్చు.

### ప్రదేశం

పాలసీలో రెండు వేర్వేరు మాటలు ఉంటాయి. ప్రమాదం ఎక్కడ జరగవచ్చన్నది టెరిటరీ, దావా ఏ దేశపు కోర్టులో రావచ్చన్నది జ్యూరిస్‌డిక్షన్. టెరిటరీ ప్రపంచమంతా అని ఉండి, జ్యూరిస్‌డిక్షన్ భారత్‌కే పరిమితమైతే, న్యూజెర్సీలో వేసిన దావాకు ఆ పాలసీ జవాబు చెప్పదు. అమెరికా, కెనడా కోర్టులను చేర్చితే ప్రీమియం బాగా పెరుగుతుంది. అక్కడి జ్యూరీలు నిర్ణయించే మొత్తాలు పెద్దవి కావడమే కారణం.

## మినహాయింపులు

ఉద్దేశపూర్వక చర్యలు, జరిమానాలు, యుద్ధం, అణుధార్మికత అన్ని పాలసీల్లోనూ బయటే ఉంటాయి. సొంత ఉద్యోగుల గాయాలు కూడా సాధారణ లయబిలిటీ పాలసీలోకి రావు. అవి 1923 నాటి పరిహార చట్టం, ఈఎస్‌ఐ చట్టం 1948, వాటిని తనలో కలుపుకున్న సామాజిక భద్రత కోడ్ 2020 పరిధిలోనివి. పాశమైలారం, పరవాడ లాంటి పారిశ్రామిక వాడల్లో ఫ్యాక్టరీ లోపల జరిగే చాలా ప్రమాదాల్లో బాధితులు కార్మికులే కాబట్టి, యజమాని దగ్గర పబ్లిక్ లయబిలిటీ పాలసీ ఒక్కటే ఉంటే వారికి చెల్లించాల్సిన పరిహారానికి అక్కరకు రాదు. కాంట్రాక్టర్ ద్వారా వచ్చిన కూలీల విషయంలో వారు ఉద్యోగులా, థర్డ్ పార్టీలా అన్న వివాదం తరచూ తలెత్తుతుంది. దీన్ని పాలసీ రాసేటప్పుడే తేల్చుకోవాలి.

యజమాని స్వాధీనంలో ఉన్న ఇతరుల సొత్తు మరో మినహాయింపు. సర్వీసింగ్‌కు ఇచ్చిన కారు షెడ్డులో కాలిపోతే సాధారణ పాలసీ కాపాడదు. కాలుష్యం విషయంలో మెల్లగా ఏళ్ల తరబడి భూగర్భ జలాల్లోకి చేరే వ్యర్థాలను దాదాపు ఏ పాలసీ ఒప్పుకోదు. అకస్మాత్తుగా జరిగే లీకుకు మాత్రం ఎండార్స్‌మెంట్‌తో రక్షణ పొందే వీలుంది. చట్టంలో లేని బాధ్యతను కేవలం ఒప్పందంలో సంతకం పెట్టి నెత్తినేసుకుంటే దానికీ పాలసీ వర్తించదు.

## ప్రీమియం

వ్యాపార స్వభావం, వార్షిక టర్నోవర్, కోరిన పరిమితి, దాని నిష్పత్తి, చోట్ల సంఖ్య, గత క్లెయిములు, దేశాల పరిధి, ఎక్సెస్‌పై ప్రీమియం ఆధారపడుతుంది. దీనిపై 18 శాతం జీఎస్టీ ఉంటుంది. బీమా చట్టం 1938లోని 64వీబీ సెక్షన్ ప్రకారం ప్రీమియం ముందుగా చేరకపోతే రిస్కు మొదలు కాదు. ప్రపోజల్ ఫారంలో అడిగినవి, అడగకపోయినా ముఖ్యమైనవి దాచకుండా చెప్పాలి. బాయిలర్ ఉన్న సంగతి రాయకుండా తీసుకున్న పాలసీ బాయిలర్ పేలినప్పుడు నిలబడటం కష్టం.

## విదేశాల్లోని తెలుగు వ్యాపారులు

అమెరికాలో రెస్టారెంట్లు, పెట్రోల్ బంకులు, ఐటీ కన్సల్టెన్సీలు నడిపే తెలుగువారికి ఈ బీమా మొదటి రోజునుంచే తారసపడుతుంది. దుకాణం అద్దెకిచ్చే యజమాని, పని అప్పగించే క్లయింటు, పాలసీ ఉన్నట్టు రుజువుగా సర్టిఫికెట్ ఆఫ్ ఇన్సూరెన్స్ అడుగుతారు. తమ పేరును అడిషనల్ ఇన్ష్యూర్డ్‌గా చేర్చమంటారు. చిన్న వ్యాపారాల్లో ఒక ఘటనకు 10 లక్షల డాలర్లు, ఏడాదికి 20 లక్షల డాలర్లు అన్నది ఎక్కువగా కనిపించే పరిమితి. కార్మికుల పరిహార బీమా, వాహన బీమా దీనికి వేరు.

## క్లెయిమ్, వివాదాలు

ప్రమాదం జరిగిన వెంటనే, దావా రాకముందే కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయాలి. లీగల్ నోటీసు, ఎఫ్‌ఐఆర్, ఫొటోలు, సీసీటీవీ దృశ్యాలు, సాక్షుల వివరాలు భద్రపరచాలి. కంపెనీ అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం, బాధితుడితో రాజీ కుదుర్చుకోవడం దాదాపు ప్రతి పాలసీలోనూ నిషేధం. గాయపడినవారిని ఆసుపత్రికి తీసుకెళ్లడం తప్పు ఒప్పుకోవడం కాదు. ఈ భయంతో సాయం మానేసే పరిస్థితి ఎవరికీ రాకూడదు. పరిహారం చెల్లించాక అసలు కారకుడైన మరో వ్యక్తిపై, ఉదాహరణకు లోపభూయిష్టమైన లిఫ్టు బిగించిన కాంట్రాక్టర్‌పై, రాబట్టుకునే హక్కు బీమా కంపెనీకి బదిలీ అవుతుంది.

క్లెయిమ్ తిరస్కరిస్తే కంపెనీ ఫిర్యాదుల విభాగం మొదటి మెట్టు. సొంత యాజమాన్య సంస్థలు, సూక్ష్మ సంస్థలు రూ. 50 లక్షల వరకు వివాదాలకు ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. హైదరాబాద్‌లో ఈ కార్యాలయం ఉంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలంటే కారణం ఏర్పడిన రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. వ్యాపార సంస్థ వినియోగదారు అవుతుందా అన్న ప్రశ్నకు 2023లో నేషనల్ ఇన్సూరెన్స్ వర్సెస్ హర్సోలియా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు జవాబిచ్చింది. నష్టం నుంచి రక్షణకు తీసుకునే బీమాకు లాభం సంపాదించే పనితో నేరుగా సంబంధం లేదు కాబట్టి, సంస్థలు కూడా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చంది. పెద్ద మొత్తాల వివాదాలు పాలసీలోని నిబంధనలను బట్టి ఆర్బిట్రేషన్‌కో, కమర్షియల్ కోర్టుకో వెళతాయి.